మూడో నంబరు వైరు

మిట్టమధ్యాహ్నం తెస్తే ఏ జబ్బూ కనపడదు ఆ బండికి.
తెల్ల మారుతి, నాకంటే రెండేళ్లు పెద్దది.
తాళం తిప్పగానే అందుకుంటుంది,
లాజరు మేస్త్రి ముందు
హోంవర్కు చేసుకొచ్చిన పిల్లలా నిలబడుతుంది.

"రాత్రి డ్యూటీ దిగి వెళ్తుంటే
సరిగ్గా హనుమంతవాక ఎత్తు దగ్గరే," అన్నారు సువర్చల మేడం,
"మూడు కాళ్ల పీటకి ఒక కాలు విరిగినట్టు
అలా, ఇలా ఊగి, ఆగిపోతుందండీ."
పెద్దాసుపత్రి బ్లడ్ బ్యాంకులో ఆవిడ పని.
అక్కయ్యపాలెంలో బ్యాటరీ మార్చారట,
మర్రిపాలెంలో కాయిలు మార్చారట,
గాజువాకలో ప్లగ్గులు మార్చి
పాతవి సంచిలో కట్టి చేతికిచ్చారట.
ఊరంతా తిరిగిన రోగి ఎక్స్‌రేలు తెచ్చుకున్నట్టు
ఆ సంచి బల్ల మీద పెట్టారు.

మేస్త్రి సంచి విప్పలేదు.
పెన్ను గొట్టంలో పార్కింగ్ బల్బు దూర్చి
తనే చేసుకున్న టెస్టు లాంపు తీసి
ఫ్యూజు ఫ్యూజునీ పలకరించాడు.
ఎర్తు పట్టీ విప్పితే
పచ్చగా చిలుం. జ్ఞానాపురం దాకా వచ్చి
సముద్రం నాకిపోయింది దాన్ని.
గరుకు కాగితంతో నేనే రుద్దాను, రాగి నవ్వేదాకా.
అయిపోయిందనుకుని బోనెట్టు దించబోతే
"ఆగరా గుంటడా. అది పక్కింటోళ్ల జబ్బు.
మనింటిది ఇంకా బయటికి రాలేదు.
పొద్దు కూకనీ."

కూకింది. కాన్వెంటు కూడలి నుంచి
బొగ్గు లారీలు వరసకట్టాయి.
పోర్టు గాలి, తడిసిన తువ్వాలులా, మెడకి చుట్టుకుంది.
బండిని షెడ్డు లోపలికి తోశాం.
రేకుకున్న చిల్లుకి గోనె కప్పాను,
వీధిలైటు చూపు పడకుండా.
ఇస్త్రీ బండి పోలారావు దగ్గర
నీళ్లు చిమ్మే సీసా అడిగి తెచ్చాను.

"స్టార్టింగియ్యి. లైటార్పీ."

చీకటి.
ఇంజను ఒక్కటే మాట్లాడుతోంది, మామూలుగానే.
మేస్త్రి సీసా రెండుసార్లు నొక్కాడు,
చొక్కా మడత మీద కొట్టినంత పలచగా.

అప్పుడు చూశాను.
మూడో నంబరు వైరు మెడ దగ్గర
నీలం దారం ఒకటి
పుట్టి, పాకి, ఇనుములో ముఖం దాచుకుని,
మళ్లీ పుట్టి.
చిటిక్. చిటిక్.
వెంట్రుకంత పగులు. వేలితో తడిమినా తెలియనిది.
(తడమకూడదు. ఒకసారి తడిమాను,
ఆ మధ్యాహ్నం భోజనం ఎడంచేత్తో చేశాను.)

"ఎత్తెక్కినప్పుడు లోపల ఒత్తిడెక్కువ.
నిప్పు దూకనేక అడ్డదారి పడతాది," అన్నాడు మేస్త్రి.
"పగలు కూడా కారతానే ఉంటాదిరా.
మనకే సీకటి సాలక కనబళ్లేదు."

లైటు వెయ్యబోతుంటే
"ఒక్క నిమిషం," అన్నారు మేడం.
"మార్చేముందు ఇంకోసారి చూడనివ్వండి."
మేస్త్రి ఏమీ అనలేదు. మళ్లీ నీళ్లు చల్లాడు.
ఆ నీలం వెలుగులో లీలగా కనిపించింది:
ఆవిడ కుడి బొటనవేలు
తన ఎడమ మోచేతి మడతలో
ఎవరిదో నరం వెతుకుతోంది.

కొత్త వైరుకి పది నిమిషాలు పట్టలేదు.
"ట్రయలుకి గుంటణ్ణి తీసుకెళ్లండి," అన్నాడు మేస్త్రి.
మద్దిలపాలెం దాటాం. రేడియో ఆపేశారావిడ.
హనుమంతవాక ఎత్తు మొదలైంది.
ఇద్దరం ఊపిరి బిగబట్టాం,
ముందు సీమెంటు లారీ, పక్కన కొండ నలుపు.
ఏమీ జరగలేదు.
ఆ ఏమీ జరగకపోవడాన్ని
ఎండాడ దాకా విన్నాం.

చివరి బస్సులో తిరిగొస్తూ చూసుకుంటే
సీసా నా చేతిలోనే ఉంది, సగం నీళ్లతో.
పొద్దున్నే పోలారావు తిట్టిన తిట్లు
ఇక్కడ రాయను.